కుప్పమ్మక్క అత్తగారి కంజిరా

ఒక సంగీత పండితుడు నిండు సభలో ఎంత నిబ్బరంగా మునిగిపోగలడో తెలుసుకోవాలంటే, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ పండితుణ్ణి నేనే.

డెబ్భైల చివర్లో యానాం నుంచి పాండిచ్చేరికి బళ్ళో సంగీతం మాస్టారుగా వచ్చి, సారం పేటలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. మృదంగం, డోలక్, డప్పు, కంజిరా... చేత్తో కొడితే మోగేదల్లా కొనితెచ్చి ఆ గదిలో నింపాను. మృదంగం హాయిగా ఒళ్ళు చాపుకుని పడుకునేది. నేను దాని పక్కన ముడుచుకుని పడుకునేవాణ్ణి.

ఇంటావిడ కుప్పమ్మక్క. తాతలనాడే ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం. "రూములో మనుషులుండాల గానీ ఈ మద్దెలలేంది సారూ? తీసేస్తారా, ఖాళీ చేస్తారా?" అని రోజూ పోరు పెట్టేది.

ఆ గోడు హెడ్మాస్టరుగారికి చెప్పుకున్నాను. "వార్షికోత్సవానికి విద్యాశాఖ అధికారిగారు వస్తున్నారు. ఆయన మెచ్చేలా మీ వాద్యాలు వాయించి చూపండి. బడి వెనకున్న ఖాళీ గది మీకే ఇప్పిస్తాను" అన్నారాయన. మెచ్చాలంటే ఎవరూ చూడని వాద్యం ఒకటి కావాలి కదా!

అది కుప్పమ్మక్క వంటింటి గోడకే దొరికింది. పనసచెక్కతో చేసిన గుండ్రటి చట్రం. తోలు ఊడిపోయింది. అంచు చుట్టూ మేకుల కన్నాలు. అచ్చం కంజిరా! కాస్త పెద్దదే, ఒప్పుకుంటాను. వెనకటివాళ్ళ చేతులు పెద్దవి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

"ఇది ఎవరిదక్కా?"

"మా అత్తది సారూ. దీంతో ఆమె..."

"చెప్పకండి! నేను సంగీతం మాస్టార్ని, చూడగానే తెలిసిపోయింది. దీన్ని నేను బాగు చేయిస్తాను."

"నిజంగానా? చెడిపోయి శానా దినాలాయ. మా ఇంటాయనకి చెప్పి చెప్పి నోరు నొచ్చె. మీకు పుణ్యముంటాది సారూ."

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. పొరుగింటి చట్రానికి మోత కూడా ఎక్కువేనండోయ్. మేకతోలు బిగించి, చుట్టూ ఇత్తడి బిళ్ళలు తొడిగించాను. చూసి మురిసిపోతుందని కుప్పమ్మక్కను ముందు వరసలో కూర్చోబెట్టాను కూడా.

వేదికెక్కి గొంతు సవరించుకున్నాను. "ఇది మామూలు కంజిరా కాదు. ఒక ఇల్లాలు జీవితమంతా వంటింటి చాటున సాధన చేసిన వాద్యం!" అని వాయించాను. నిజం చెప్పొద్దూ, బ్రహ్మాండంగా మోగింది. అధికారిగారు తల ఊపుతున్నారు. వెనక గది తాళంచెవి నా జేబులో పడ్డట్టే అనుకున్నాను.

కుప్పమ్మక్క లేచి నిలబడింది.

"సారూ! అది మా అత్త జల్లెడ గదా!"

నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"బాగు చేపిస్తానంటిరే! ఇట్ల తోలు కొట్టిచ్చేస్తే పిండి యాడనించి దిగుతాది?"

నాకు ఆశ చావలేదు. "మీ అత్తగారు దీన్ని వాయించేవారు కదక్కా?" అన్నాను.

"వాయించేదేంది సారూ? రాగిపిండి జల్లించేది!"

సభ ఘొల్లుమంది. అధికారిగారు కళ్ళు తుడుచుకుంటూ, "రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకుందని విన్నాను మాస్టారూ. జల్లెడ మద్దెలైపోవడం మాత్రం ఇవాళే చూశాను" అన్నారు. వెనక గది కుట్టుపని క్లాసుకు వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి సిగ్గుతో పెట్టే బేడా సర్దుతుంటే కుప్పమ్మక్క గుమ్మంలో నిలబడింది.

"యాడికి సారూ? ఇంతగా నవ్వి ఎన్నాళ్ళాయనో. మద్దెలలు ఈడనే ఉండనీండి. నా వంటింటి పక్క మాత్రం చూడొద్దండి."

ప్రాణం లేచొచ్చింది. ఆవిడ అక్కడే కూర్చుని, మేకూ సుత్తీ పట్టుకుని, నా మేకతోలు నిండా కన్నాలు పొడిచింది. ఇత్తడి బిళ్ళలు మాత్రం బాగుండాయంటూ ఉంచేసుకుంది. అప్పటినుంచి ఆవిడ పిండి జల్లిస్తే వీధి చివరిదాకా గలగల వినిపించేది. నాకంటే ఆవిడ చేతిలోనే లయ బాగా కుదిరింది.

ఆ గలగల సాక్షిగా నేనొక ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట ఈ భూమ్మీద గుండ్రంగా ఏది కనిపించినా సరే, కొట్టి చూసేముందు కాస్త పిండి పోసి చూస్తాను.