పెదాలు చదివినవాళ్ళు

సాంచాల కార్ఖానాలో గొంతుకు పని లేదు. మరమగ్గాలను మావాళ్ళు సాంచాలంటారు. అవి వరసగా ఆడుతుంటే చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని లోపల అడుగు పెట్టగానే మనుషులు గొంతు కట్టేసి పెదాలు మాత్రం కదుపుతారు. ఎదుటివాడు ఆ పెదాలు చూసి మాట పట్టుకుంటాడు.

మా బాపు సూరత్ బమ్రోలిలో సాంచాలు నడిపి నడిపి చెవులు పోగొట్టుకున్నాడు. చెవులు పోయినవాడికి తన గొంతు ఎంత పెద్దదో తెలియదు. ఇంట్లో ఆయన ఉప్పు అడిగితే వీధి చివర కిరాణా కొట్టువాడికి తెలిసేది. అమ్మ పెళ్ళైన కొత్తలో అదే కార్ఖానాలో కండెలు చుట్టింది కాబట్టి ఆమెకూ పెదాలు చదవడం వచ్చు. పోట్లాడుకునేటప్పుడు ఆమె చప్పుడు లేకుండా తిట్టేది, ఆయన ఊరందరికీ వినపడేలా జవాబు చెప్పేవాడు. నన్ను మాత్రం సూరత్‌లోనే మునిసిపల్ తెలుగు బడికి పంపారు. పెదాలు చదివే విద్య నాకు అబ్బలేదు. పక్క వీధిలో నా కాపురం, చీరలకు లేసు కుట్టడం నా పని.

బాపు పక్క సాంచాల మీద పనిచేసినవాణ్ణి నేను కాక అని పిలుస్తాను. చుట్టమేమీ కాదు, మా ఊరి పక్క ఊరివాడు. రైలు దిగి వచ్చిన కొత్తలో అతనికి పెదాలు చదవడం నేర్పింది బాపే. ఇద్దరూ ఖాడీ గట్టున గోడకు గోడ కలిపి ఇళ్ళు కట్టుకున్నారు. ఖాడీ అంటే ఊళ్ళోని మురికంతా మోసుకుపోయే పెద్ద కాలువ. దాని గట్టున ఇల్లున్నవాడు వాననూ, ఇల్లు కూలగొడతామనే మునిసిపాలిటీ నోటీసునూ ఒకే రకంగా తలుచుకుంటాడు. కాక నలుగురికి కావలసినవాడు కావడంతో మావాళ్ళ ఫోన్ గ్రూపుకు అతన్నే అడ్మిన్ చేశారు. చావులు, బతుకమ్మలు, రైలు టికెట్లు, అన్నీ ఆ గ్రూపులోనే.

ఒక వానాకాలం పట్టపగలు ఖాడీ పొంగింది. కాక కార్ఖానాలో ఉన్నాడు. అతని భార్యాపిల్లలు ఊరికి పోయారు. ఇంట్లో పక్షవాతంతో మంచం పట్టిన అతని తల్లి ఒక్కతే ఉంది. అప్పటికి పని మానేసి ఇంటి పట్టునే ఉన్న బాపు ఛాతీ లోతు నీళ్ళలో దిగి ఆ ఇంటి తలుపు తన్నాడు. ముసలమ్మను భుజాన వేసుకుని మా మేడ మెట్లెక్కాడు. మెట్ల మీద కూర్చోబెట్టి వీపు రుద్దుతూ, "అత్తా, కండ్లు తెరువు, జర కండ్లు తెరువు" అని అరుస్తూనే ఉన్నాడు. ఆమె నోట్లోంచి ఖాడీ నీళ్ళు వచ్చాయి. ఇంకేమీ రాలేదు.

మర్నాడు ఒక పెద్దమనిషి టీవీలో కనబడ్డాడు. నీళ్ళు ఎవరి ఇళ్ళలోకీ రాలేదన్నాడు. ఆయన గారి చెప్పులు తడవలేదు కాబట్టి ఎవరి ఇల్లూ తడవలేదు. ఒక వృద్ధురాలు పాత జబ్బుతో పోయిందట, దాన్ని వరదకు అంటగట్టవద్దట. అధికారులు వచ్చి అడిగితే కాక కూడా తల వంచుకుని, అవును, జబ్బు మనిషే అన్నాడు. గట్టు మీద ఇల్లున్నవాడు ఇంకేమంటాడు? ఆ వేళ అతని మీద నాకు కోపం కూడా రాలేదు.

బాపుకు మాత్రం ఆ పెద్దమనిషి మీద వచ్చింది. "ఫోన్ పట్టు బిడ్డా" అన్నాడు. బురద నిండిన కాక ఇంటి ముందు నిలబడి, కొంత తెలుగు, కొంత హిందీ కలిపి, తన మామూలు గొంతుతోనే, అంటే మహా గొంతుతో మాట్లాడాడు.

"జబ్బుతోని పోయిందంటున్నవా సారూ? జబ్బు ఆమె కాళ్ళకుండె. నోట్లకు ఖాడీ నీళ్ళు ఏడికెల్లొచ్చినయి? నీళ్ళు తోడే పంపులు ఎందుకు బంద్ పెట్టిండ్రు? ఒక్కసారి వచ్చి నా ఇంట్ల పండు. జాగ నేను జూపిస్త!"

ఆ వీడియోను ఆయన పేరున నెట్‌లో నేనే పెట్టాను. చూస్తుండగానే అది ఊరు దాటింది. నవాగామ్ వాళ్ళు, బార్డోలీలో మా పిన్ని, మా సొంత ఊరి చుట్టాలు, అందరూ ఒకరికొకరు పంపుకున్నారు. బాపు పొద్దున లేవగానే ఎంతమంది చూశారో అడిగేవాడు.

ఒక పొద్దున అది లేదు. చట్టపరంగా అందిన అభ్యర్థన మేరకు మీ దేశంలో ఈ వీడియో చూపడం లేదని వీడియోల కంపెనీ మర్యాదగా తెలుగులోనే రాసింది. బాపుకు నా పెదాలు కనబడేలా చదివి చెప్పాను.

"ఎవలడిగిండ్రు?"

"పేరు రాయలేదు బాపూ."

"పేరు లేనోడు అడిగితే తీసేస్తరా? నేను పేరు వెట్టి మాట్లాడితిని గద."

మళ్ళీ చూడండి అని విన్నవించుకునే చోట నొక్కాను. పరిశీలించాం, మా నిర్ణయం మారదు అని క్షణంలో జవాబొచ్చింది. "పరిశీలించినోడు ఖాడీ జూసిండా?" అని అడిగాడు బాపు. 

ఆ తర్వాత పోలీసు స్టేషన్ నుంచి ఫోనొచ్చింది. ఛాయ్ తాగడానికి రమ్మన్నారు. నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టి ఆయన్ని లోపలికి తీసుకుపోయారు. లోపల ఎవరేమంటున్నారో నాకు వినపడలేదు. బాపు మాట ఒక్కటే గోడ దాటి వచ్చింది.

"మేరా వీడియో ఝూటా థా!" నా వీడియో అబద్ధం.

"బుఢియా బీమారీ సే మరీ!" ముసలమ్మ జబ్బుతోనే చచ్చింది.

తర్వాత అదే గొంతుతో, "హాత్ జోడో!" అన్నాడు.

లోపల నవ్వులు లేచాయి. ఏం జరుగుతోందో నాకు బెంచీ మీదే అర్థమైంది. ఫోన్ పక్కన నిలబడి ఒక జమేదారు ఒక్కో మాటా అందిస్తున్నాడు. చెవులు లేని బాపు అతని పెదాలు చూసి, కార్ఖానాలో మేస్త్రీ మాట పట్టుకున్నట్టు, పట్టుకున్నదంతా తిరిగి చెబుతున్నాడు. చేతులు జోడించు అని జమేదారు అంటే అది కూడా చెప్పవలసిన మాటే అనుకున్నాడు. "బోలో మత్, జోడో!" అని మళ్ళీ బాపు గొంతే వచ్చింది. అనకు, జోడించు అన్నదీ అనేశాడు. మళ్ళీ నవ్వులు.

చివరికి తప్పు లేని వీడియో ఒకటి తీసి స్టేషన్ వాళ్ళ పేజీలో పెట్టుకున్నారు. అక్కడితో ఆగినా బతికిపోయేవాళ్ళం. లోపలివాళ్ళెవరో తప్పుగా వచ్చిన ముక్కను సరదాకు బయటికి వదిలారు. అందులో బాపు గోడకు ఆనుకుని నిలబడి, కళ్ళు పక్కకు పెట్టి, "హాత్ జోడో!" అని అరుస్తుంటాడు. పక్కనుంచి రెండు ఖాకీ చేతులు వచ్చి ఆయన చేతులు పట్టుకుని జోడిస్తాయి. ఎవరి మాట ఎవరి నోట వచ్చిందో, ఎవరి చేతులు ఎవరు జోడించారో అందులో పట్టపగలంత తేటగా ఉంది. లక్షల మంది చూశారు. చూసినవాళ్ళు నవ్వారు. మావాళ్ళలో నవ్వినవాళ్ళెవరో నాకు ఇప్పటికీ గుర్తే. పేర్లు రాయను గానీ మరిచిపోయానని అనుకోవద్దు.

తర్వాత స్టిక్కరైంది. బాపు బొమ్మ, జోడించిన చేతులు, కింద "హాత్ జోడో కాకా" అని అక్షరాలు; ఇక్కడివాళ్ళకు ముసలివాళ్ళందరూ కాకాలే. చేసినవాడు ఆ ఖాకీ చేతుల్ని శుభ్రంగా కత్తిరించి పారేశాడు. ఛాయ్‌కి ఆలస్యమైతే ఆ స్టిక్కరు. పెళ్ళాం అలిగితే ఆ స్టిక్కరు. ఇది మా నాయన, ఇది అవమానం, తీసేయండి అని కంపెనీకి రాశాను. మా నియమాలకు విరుద్ధంగా ఏమీ కనబడలేదని రాశారు. ముసలమ్మ నోట్లో నీళ్ళ మాట విరుద్ధం. ముసలాయన మీద నవ్వు విరుద్ధం కాదు.

బాపుకు ఈ సంగతి చాలా రోజులు తెలియలేదు. వీధిలో కుర్రాళ్ళు ఎదురుపడి చేతులు జోడిస్తుంటే దండం పెడుతున్నారనుకున్నాడు. ఆయనా జోడించి, "మంచిగుండు బిడ్డా" అని దీవించేవాడు. వాళ్ళు మూల తిరిగేదాకా ఆపుకుని తర్వాత పగలబడి నవ్వేవాళ్ళు. ఆ నవ్వు ఆయనకు వినపడదు కదా. ఒకనాడు అమ్మ చూడలేక, ఎదురుగా కూర్చుని, పెదాలతోనే అంతా చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. బాపు ముఖం చూస్తూ ఆమె ఎంతదాకా వచ్చిందో తెలుసుకున్నాను.

ఆ రోజు నుంచి బాపు గొంతు మానేశాడు. పెదాలు కదులుతాయి, చప్పుడు రాదు. ఇంట్లో సాంచాలు ఆడుతున్నట్టే, ఉప్పు కావాలన్నా పెదాలే. నొప్పేమన్నా ఉందా అని డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. గొంతుకు ఏమీ కాలేదన్నాడు. అమ్మకు ఇబ్బంది లేదు. నాకే, మా నాయన ఏమంటున్నాడో ఇంకొకరు చెబితే తప్ప తెలియని బతుకైంది. ఆయన అరుపు కోసం చెవులు కోసుకున్నాను.

మళ్ళీ వానాకాలం వచ్చింది. ఖాడీ మళ్ళీ గడప దాకా వచ్చింది. అదే పెద్దమనిషి మళ్ళీ టీవీలోకి వచ్చి, పోయినసారి లాగే ఈసారీ ప్రాణనష్టం లేదన్నాడు. బాపు నా భుజం తట్టి ఫోన్ వైపు చూపించాడు. మోకాలి లోతు నీళ్ళలో, కాక ఇంటి ముందు, ఇదివరకటి చోటే నిలబడ్డాడు. ఈసారి కళ్ళు పక్కకు పోలేదు. కెమెరాలోకే చూస్తూ చాలాసేపు పెదాలు కదిపాడు. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఏమన్నడే?" అని అమ్మను అడిగాను.

"గదే. నోట్ల నీళ్ళ ముచ్చట. గీసారి ఇంక జర ఎక్కువ తిట్టిండు" అంది అమ్మ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

పెట్టేశాను. ఆ వీడియో ఇప్పటికీ ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. తీసేయడానికి అందులో మాట ఉంటే కదా. సౌండ్ రావడం లేదు, ఫోన్ బాగు చేయించుకోండి అని ఎవరో సలహా కూడా రాశారు.

దాన్నే మా గ్రూపులోనూ వేశాను. అక్కడ ఉన్నదంతా సాంచాల మీద వెంట్రుకలు నెరిసినవాళ్ళే. ఒక్కొక్కరూ చూస్తున్నట్టు గుర్తులు పడుతున్నాయి. ప్రతి మాటా వాళ్ళకు అందుతోందని నాకు తెలుసు. ఒక్కరూ ఏమీ రాయలేదు. ఎవరో బాపు స్టిక్కరు పంపారు. కాసేపటికి వీడియో ఉన్న చోట, అడ్మిన్ దీన్ని తొలగించారు అన్న ముక్క మిగిలింది. సర్కారుకు రాని చదువు, కంపెనీకి రాని చదువు, బాపు నేర్పిన చదువు, దాంతోనే తుడిచేశాడు కాక.

చెప్పులు కూడా వేసుకోకుండా పోయాను. కాక గడపలో వంగి నీళ్ళు తోడిపోస్తున్నాడు.

"ఎందుకు తీసినవ్ కాకా? గది మీ అవ్వ ముచ్చటనే గద!"

అతను వీధి అటూ ఇటూ చూశాడు. కిటికీలన్నిటిలో మనుషులున్నారు. నా వైపు తిరిగి పెదాలు కదిపాడు. చప్పుడు లేదు.

"నోరు తెరిచి చెప్పు! నాకు గట్ల తెల్వది!"

మళ్ళీ పెదాలే. అప్పుడు నా వెనక మా గుమ్మంలోంచి బాపు గొంతు లేచింది. నెలల తరబడి వినని గొంతు, వెనకటిలాగే, వీధి చివరి కిరాణా కొట్టు దాకా వినపడేట్టు.

"అవ్వ ఎట్లాగూ పోయింది, ఇల్లన్న ఉండనియ్యుమంటుండు!"

కాక బకెట్టు వదిలేశాడు. కళ్ళతోనే, వద్దన్నట్టు, మళ్ళీ పెదాలు కదిపాడు. బాపు అదీ చదివాడు.

"అన్నా, గట్టిగ అనకే అంటుండు!"

అది చెవుడో, కావాలని అన్నాడో, నేను ఇంతవరకూ అడగలేదు. వీధంతా విన్నది. ఒక్కరూ ఫోన్ పైకెత్తలేదు, ఒక్కరూ నవ్వలేదు. కాక నీళ్ళలో నిలబడి బాపుకు రెండు చేతులూ జోడించాడు. వాటిని ఎవరూ పట్టుకుని జోడించలేదు.