అన్నం తింటేనే పాయింట్లు

మొన్న మా సూర్యాపేట ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్ళు క్లబ్బు చరిత్ర అచ్చువేసి ఒక పుస్తకం నా చేతిలో పెట్టారు. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏటి లీగు గురించి అందులో ఒక్కటే వాక్యం. ‘మన జట్టు రెండో స్థానంలో నిలిచింది.’ నిలిచిందట! మెడ పట్టి నిలబెట్టారు. ఆ జట్టుకు గోల్‌కీపర్‌ని నేను. ఆ వాక్యం చదివితే ఈ వయసులో కూడా నాకు ఒళ్ళు మండింది.

లీగంటే మూడే ఊళ్ళు, మూడే క్లబ్బులు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. ఒకరి ఊరికి ఒకరు పోయి ఆడాలి. మొదట్లో ఆట ముగిశాక తలకాయలు పగిలేవి. అందుకని ముగ్గురు ప్రెసిడెంట్లూ కూర్చుని ఒక కట్టుబాటు పెట్టారు. ఆట అయ్యాక, వచ్చిన జట్టు ఆ ఊరివాళ్ళు పెట్టిన అన్నం తినే పోవాలి. తినకుండా పోతే గెలిచినా ఓడినట్టే, పాయింట్లు అన్నం పెట్టినవాళ్ళవి. మంచి కట్టుబాటే, కాదనను. మిర్యాలగూడ ప్రెసిడెంటుకు బియ్యం మిల్లు ఉండేది. కప్పు ఇచ్చేది ఆయనే. ఎవరికెన్ని పాయింట్లో సున్నంతో రాసేది కూడా ఆయన మిల్లు గోడ మీదే.

ఆ ఏడు మిర్యాలగూడ పోయి వాళ్ళ నేల మీదే వాళ్ళను ఓడించాం. రెండు గోల్సూ కొట్టింది మా సెంటర్ ఫార్వర్డ్. వాడు కిరస్తానీల పిల్లవాడు, తల్లి నాట్లకూ కోతలకూ కూలికి పోయేది. ఆట అయ్యాక మిల్లులో విస్తళ్ళు వేశారు. మాకందరికీ లోపల, వాడికొక్కడికి బయట, ఎడ్లను కట్టేసే చోట.

“నువ్వు గాడ కూసో, నీకు గాడ్నే పెడ్తరు” అన్నాడు మిల్లాయన వాడితో.

మా కెప్టెన్ విస్తరి ముందు నుంచి లేచాడు. “మావోడు ఏడ తింటే మేం గాడ తింటం.”

“మీరు గాడ తింటే నా ఇజ్జత్ ఏం గావాలె? లోపల తింటే తినున్రి, లేకుంటే పోన్రి.”

పోయాం. కడుపులో పేగులు అరుస్తుంటే బొగ్గుతో నడిచే బస్సెక్కి ఇల్లు చేరాం. గోడ మీద మా గెలుపు తుడిచేసి పాయింట్లు వాళ్ళ పేరున రాసుకున్నారు. కట్టుబాటు కట్టుబాటే అన్నారు. పళ్ళు కొరుక్కుని ఊరుకున్నాం.

చివరి ఆట మా ఊళ్ళో, మళ్ళీ వాళ్ళతోనే. అప్పటికి వాళ్ళు మాకన్నా ఒక్క పాయింటు పైన ఉన్నారు. మేం గెలిస్తే కప్పు మాది, సమానమైతే వాళ్ళది. ఈసారి అన్నం పెట్టే వంతు మాది.

“బువ్వ మావోని ఇంట్ల” అన్నాడు కెప్టెన్.

సెంటర్ ఫార్వర్డ్ తల్లికి మా పంతం సంగతి తెలియదు. పొరుగూరి జట్టు తన ఇంటికి భోజనానికి వస్తుందని మురిసిపోయింది. వాకిలి అలికింది. ఇంట్లో ఉన్న కోళ్ళన్నీ కోసింది. మేం తెచ్చిన సన్నబియ్యం పెద్ద గంజుల్లో వండింది.

ఆట చెరొక గోలుతో సమానంగా ముగిసింది. భోజనానికి పిలుచుకొస్తుంటే, కూలోళ్ళ వాడకట్టు మొదట్లోనే మిల్లాయన ఆగిపోయాడు. ఎవరింటికని అడిగాడు. చెప్పాం. వెనక్కి తిరిగాడు, జట్టు జట్టంతా ఆయన వెంట తిరిగింది.

“తినకుంట పోతున్నరు! ఆట మాది, కప్పు మాది!” అని నేను ఎగిరి గంతేశాను.

మిల్లాయన నిలబడ్డాడు. “అన్నం పెడితే గదా తినకుంట పోయేది? మాకెవ్వలు పెట్టిన్రు అన్నం?”

“కోళ్ళు కోసి వండింది గదా ఆమె!”

“గది గూడ అన్నమేనా?”

ఆట చూడటానికి వచ్చిన కోదాడ ప్రెసిడెంటు పక్కనే ఉన్నాడు. న్యాయం చెప్పమన్నాం. “అదీ ఇదీ ఒకటెట్టా అవుద్దయ్యా? పెద్దింట్లో పెట్టుంటే లెక్కకొచ్చేది” అన్నాడు ఆ మహానుభావుడు! ఇక మా ప్రెసిడెంటు, మా ఊరి షావుకారు, మాకు చొక్కాలు కుట్టించినవాడు. ఆయన తన చెప్పుల వంక చూసుకుంటూ నిలబడ్డాడు.

“సిగ్గు లేదా మీకు?” అని అరిచాను. మేం తినకపోతే తప్పట, వాళ్ళు తినకపోతే మర్యాదట! థూ! బస్సు వెళ్ళిపోయింది, కప్పు కూడా దాని వెంటే వెళ్ళిపోయింది.

నేను అక్కడే దుమ్ములో కూలబడి కప్పు కోసం ఏడ్చాను. తలెత్తి చూస్తే మావాడి తల్లి. వచ్చేవాళ్ళ కాళ్ళకు నీళ్ళివ్వాలని చెంబు పట్టుకుని ఎప్పుడొచ్చిందో, మా వెనకే నిలబడి ఉంది. మాటలన్నీ విన్నది.

“కప్పు ముచ్చట ఇడిసిపెట్టు బిడ్డా” అన్నది. “నేను వండింది అన్నం గాదా?”