ఏడవని మనిషి కన్నీళ్ళు

వేడినీళ్ళలో ముంచి పిండిన పాత నూలుగుడ్డకు ఒక వాసన ఉంటుంది, సబ్బూ గంజీ ఎండా కలిసిన వాసన. రోజూ ఉదయం దాన్ని మూసిన రెప్పల మీద వేసుకుని కూర్చోమని డాక్టరు చెప్పింది. పత్రికాఫీసులో ఏళ్ళ తరబడి కంప్యూటర్ తెరను రెప్పవేయకుండా చూసి నా కళ్ళు పొడిబారాయి. గుడ్డ చల్లారేలోగా నేను మనసులోనే, చిన్నప్పుడు పెరిగిన బస్తర్ ఇనుపగనుల ఊరు కిరండూల్ వెళ్ళి వస్తాను. వచ్చినప్పుడల్లా కోపంతోనే వస్తాను.

మా కాలనీలో అన్నిటిదీ ఒకటే రంగు. ఇనుపరాయి ఎర్రదుమ్ము పిట్టగోడల మీద, తులసికోట మీద, ఆరేసిన స్కూలు చొక్కాల మీద పేరుకునేది. వానాకాలంలో వీధికాలవలు కుంకుమ కలిపినట్టు పారేవి. మేం ఆ రాతిముక్కలనే గోళీలుగా ఆడేవాళ్ళం, జేబులు చిరిగేంత బరువుండేవి. సంతలో ఎర్రచీమల పచ్చడి ఆకుదొన్నెల్లో అమ్మేవారు. అడవిలో ఇప్పపూలు రాలే రోజులొస్తే చెట్ల కింద ఎండుటాకులు కాల్చిన పొగ, పూల మత్తైన తీపి వాసనతో కలిసి మా వంటింటి కిటికీ దాకా వచ్చేది.

చలికాలం మాత్రం అమ్మది. విజయనగరం వైపు నుంచి వచ్చిన మావాళ్ళెవరూ అంతకుముందు స్వెట్టరు తొడిగి ఎరగరు. అమ్మ కిటికీ పక్కన కూర్చుని కాలనీ సగానికి స్వెట్టర్లు అల్లింది. కుట్లు తప్పిపోతాయని రెప్ప వేయడం మరిచిపోయేది. కాసేపటికి కళ్ళు మండేవి, ఎర్రబడేవి, ఆ తర్వాత ధారగా నీళ్ళు. అప్పుడు పైటచెంగు ఉండచుట్టి, నోటితో వెచ్చగా ఊది, కంటికి అద్దుకునేది.

"ఏటే, కొంప మీద ఏటి పడిందని ఆ ఏడుపు?" అనేది నానమ్మ.

"ఏడుపు కాదత్తా, దుమ్ము."

"మాకు లేదేటి దుమ్ము? నీ కళ్ళనే ఏరుకుని పడతాదేటి?"

వీధి అరుగుల మీదివాళ్ళు నవ్వేవారు. తర్వాత ఆ నవ్వు పోయి గుసగుస వచ్చింది, మొగుడు కొడుతున్నాడని. ఆ మాట చెవినపడ్డాక నాన్న అమ్మ మీదే విసుక్కోవడం మొదలుపెట్టాడు. "నలుగుర్లో ఆ చెంగు కళ్ళకెట్టకు" అన్నాడు. ఆమెకు కాస్త హాయినిచ్చింది ఆ ఒక్క చెంగే.

ఇక అందరూ కలిసి ఆ నీళ్ళు ఆపే పనిలో పడ్డారు. నానమ్మ పటికనీళ్ళు పోసింది, ఆముదపు దీపం మసితో కాటుక పెట్టింది. బజారులో మందుల దుకాణం సేఠ్ ప్రతిసారీ ఎరుపు పోగొట్టే చుక్కల సీసా ఒకటే ఇచ్చేవాడు. "లాలీ పోతాది బెహన్‌జీ, పానీ కూడా బంద్." ఒక మధ్యాహ్నం కళ్ళు తెల్లగా ఉండేవి, మర్నాటికి మరింత ఎర్రగా. ఎండిన పొలానికి గండి కొడుతున్నామని ఒక్కరికీ తోచలేదు.

మా మేనత్త పెళ్ళికి కాలనీ క్వార్టర్లోనే పసుపు దంచారు. ఐదుగురు ముత్తయిదువలు, ఇంటి పెద్దకోడలిది మొదటి పోటు. అమ్మ ఆ ఉదయం పట్టుచీర కట్టుకుని, రోకలికి కంకణం తనే కట్టి, ఎంత సంబరపడిందో నాకు గుర్తు. పసుపు లేవగానే కళ్ళు కారాయి. నానమ్మ వచ్చి రోకలి లాక్కుంది.

"నువ్వు లెగు. శుభమా అని పసుపు దంపుతుంటే కన్నీళ్ళేటే? సరోజిని, నువ్వు రా అమ్మా."

పక్కింటి సరోజిని అమ్మ అల్లిన స్వెట్టరే తొడుక్కుని వచ్చి కూర్చుంది. గుమ్మంలో నిలబడ్డ నాన్న చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అమ్మ వంటింట్లోకి వెళ్ళి గారెల పప్పు రుబ్బింది. ఆ తర్వాత ఆమెను ఏ ఇంట్లోనూ పసుపుకు పిలవలేదు.

నిరుడు అమ్మను జగ్దల్‌పూర్‌లో కంటి డాక్టరుకు చూపించాను. ఆ డాక్టరమ్మాయి ఓపికగా చెప్పింది. కంటి మీద నీటిపొర, దాని పైన పలచటి నూనెపొర ఉంటాయట. నూనె తగ్గితే నీరు ఆరిపోతుంది, మంటకు కన్ను కంగారుపడి ధారగా నీళ్ళు విడుస్తుంది, కానీ ఆ నీళ్ళు నిలవవు. ఫోన్లు చూసే పిల్లలకూ వస్తుందట. వెచ్చటి కాపడం పెట్టాలి, పని మధ్య రెప్పలు నిండా మూసి తెరవాలి, ముఖానికి ఫ్యాను గాలి తగలనివ్వకూడదు, ఎరుపు పోగొట్టే మందు వాడకుండా కంటిని తడిగా ఉంచే చుక్కలే వేసుకోవాలి. ఇంతే. ఇంతమాత్రానికి ఒక మనిషిని జీవితమంతా ఏడుపుగొట్టును చేశారు.

అమ్మ అంతా విని నా వైపు తిరిగింది. "అయితే నేనేడవలేదని ఇప్పుడెవరికి సెప్తావురా?"

చెప్పడానికి ఎవరూ లేరు. నానమ్మ పోయింది, నాన్న పోయాడు, సరోజిని కుటుంబం రిటైరై ఎటో వెళ్ళిపోయింది. మా క్వార్టర్లో ఎవరో కొత్తవాళ్ళున్నారు. అరుగులు కొట్టేశారు. ఎవరి మీద అరవాలో తెలియని కోపం మనిషిని లోపల్నుంచి కాలుస్తుంది.

మొన్న మా అమ్మాయి పెళ్ళికి పసుపు ప్యాకెట్లలో వచ్చింది. ఫంక్షన్ హాలువాళ్ళు ఫోటో కోసం రోకలికి ప్లాస్టిక్ పూలు చుట్టిచ్చారు. భర్త లేని మనిషి మొదటి పోటా అని ఎవరో నసిగారు. నేను వినిపించుకోకుండా రోకలి అమ్మ చేతికిచ్చాను. రోట్లో పసుపు లేచింది, కళ్ళు కారాయి.

"మామ్మగారూ, ఒక్క నిమిషం, ఏడవకండి" అన్నాడు ఫోటోలు తీసే కుర్రాడు.

అమ్మ ఒక చేత్తో చెంగు ఉండచుట్టి, వెచ్చగా ఊది, అందరి ముందూ కంటికి అద్దుకుంది. ఏడుపు కాదని ఈసారి చెప్పలేదు. రెండో చేతిలోని రోకలి వదల్లేదు.