ఎయిర్‌పోర్టులో ఎగిరిన నిక్కరు

మోకాళ్ల నొప్పులతో మా డ్రైవరన్న ఇక ఎయిర్‌పోర్టు కిరాయిలకు పోవడం లేదన్న కబురు మొదట నాకు తెచ్చింది పక్కింటి సాయవ్వ. బాధపడ్డాను గానీ, ఆయన్ను తలుచుకోగానే దేవుడి గదిలోనే నవ్వొచ్చేసింది.

విమానం దిగి వచ్చేవాళ్ల పేరు రాసిన అట్ట ఆయన ఎన్నడూ పట్టుకోలేదు. వాళ్ల ఇంట్లోంచి ఒక వస్తువు అడిగి తీసుకెళ్లి, దాన్నే ఎత్తి చూపేవాడు.

నాన్నతో గొడవపడి దుబాయ్ వెళ్లిన మా తమ్ముడు మూడేళ్లకు తిరిగొస్తూ, హైదరాబాద్‌లోనే ఉంటాను, మన ఊరు బాన్సువాడ రానన్నాడు. వాడికి తెలియకుండా నేను కారు మాట్లాడి, డ్రైవరన్నకు సంగతంతా చెప్పుకున్నాను.

"ఫికర్ జెయ్యకు చెల్లె. గాయన చిన్నప్పటి బట్ట ఏదన్న ఉంటె ఇయ్యి."

అమ్మ దాచిన నిక్కరు ఇచ్చాను. దానికి వెనక రెండు రంగుల అతుకులు.

టై కట్టుకున్న డ్రైవర్ల మధ్య నిలబడి ఆయన దాన్ని జెండాలా ఊపాడట. తమ్ముడు గుర్తుపట్టి ఉరికొచ్చాడట.

"అన్నా, లోపల పెట్టు! అందరు చూస్తుండ్రు!"

"నువ్వు బండెక్కు తమ్మీ, పెడత."

ఎక్కాడు.

మా గుమ్మంలో దిగాక డ్రైవరన్న ఆ నిక్కరు తీసి నాన్న చేతిలో పెట్టాడు. నాన్న అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గీ చెడ్డి ఇంక ఉన్నదారా?"

"అమ్మ దాసింది నాయినా."

మూడేళ్ల తర్వాత వాళ్లిద్దరి మధ్య మొదటి మాటలవే.

నాన్నా తమ్ముడూ మళ్లీ కలవాలన్న నా మొర దేవుడు వింటాడనుకున్నాను గానీ, ఇట్లాంటి మనిషిని పంపుతాడనుకోలేదు. మీరు దీపం పెట్టుకునేటప్పుడు మా డ్రైవరన్నను కూడా ఒక్కసారి తలుచుకోండి.