కోదాడ దాకా చెల్లే తుపాకి

తుపాకితో బస్సు ఎక్కే పని మీకెప్పుడైనా పడితే, ముందుగా నా సలహా ఒకటి వినండి. కిటికీ పక్క సీటు తుపాకికి వదిలేయండి. నడవ వైపు పెట్టారంటే ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ అది తగలకుండా మెలికలు తిరుగుతూ పోతారు, కండక్టరుకు మన మీద కోపం వస్తుంది. ఈ సంగతి నాకు దిల్‌సుఖ్‌నగర్ నుంచి నల్లగొండ వెళ్ళిన రోజున తెలిసింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో నాకు నగల షాపు ఉంది. మాది గుడివాడ దగ్గర పల్లె. పెళ్ళయిన కొత్తలో ఇక్కడికి వచ్చాం. ఆయన పోయాక కూడా షాపు మూయకుండా నేనే నడుపుతున్నాను. సరుకు తయారయ్యేది విజయవాడలో, మా తమ్ముడు ప్రసాదు దగ్గర. నెలలో రెండు మూడుసార్లు నగల పెట్టె అటూ ఇటూ తిరుగుతుంది. పెట్టె పట్టుకుని ఎవరు వెళ్ళినా పక్కన యాదగిరి ఉంటాడు, అతని భుజాన డబుల్ బ్యారెల్ తుపాకి ఉంటుంది.

యాదగిరిది చిట్యాల పక్క పల్లె. మిలటరీలో చేసి వచ్చి, ఎల్బీ నగర్‌లో అద్దెకుంటున్నాడు. తుపాకి అతని సొంతం, లైసెన్సు నల్లగొండ కలెక్టరాఫీసు ఇచ్చింది. ఉద్యమం రోజుల్లో ఎల్బీ నగర్ చౌరస్తాలో నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తుంటే, పొద్దున పోయి అక్కడ కూర్చునేవాడు. మధ్యాహ్నం వచ్చి నా షాపు షట్టర్ ముందు నిలబడేవాడు.

"పొద్దున మమ్మల్ని పొమ్మంటావు, మధ్యాహ్నం మాకే కాపలా కాస్తావు. ఇదేం లెక్క యాదగిరీ?" అని నేను దెప్పితే, "పొద్దుగాల్ది నా పని మేడం, గిది నౌకరి" అనేవాడు. నేను టీ తెప్పించేదాన్ని.

చివరికి రాష్ట్రం వచ్చింది. మా సందులో టపాకాయలు కాల్చారు. యాదగిరి మిఠాయి తెచ్చి నా చేతిలో పెట్టాడు, మొహమాటం లేకుండా తిన్నాను. ఆ వేడుక సద్దుమణగకముందే ప్రసాదు ఫోన్ చేశాడు.

"అక్కా, మీ గన్‌మన్ లైసెన్సు మీద ఏ ప్రాంతం రాసుందో చూశావా? ఆంధ్రప్రదేశ్ అంతటా అని ఉంటుంది. ఇప్పుడతను నిలబడేది ఆంధ్రప్రదేశ్‌లో కాదు కదా. తెలంగాణ అని మార్పించుకుంటే ఇటు రాలేడు. దారిలో ఎవరన్నా ఆపి అడిగితే పెట్టెతో సహా స్టేషన్లో కూర్చోవాలి. రెండు వైపులా చెల్లే లైసెన్సున్నవాణ్ణి సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్ళు పంపిస్తారు. యాదగిరిని మానిపించెయ్."

మానిపించడం నాకు ఇష్టం లేదు. అతని కూతురు నర్సింగ్ చదువుతోంది, ఆ చదువు ఈ నౌకరి మీదే నడుస్తోంది. అదొక్కటే కాదు, బంద్ రోజుల్లో నా షాపు అద్దం మీద రాయి పడలేదంటే అది అతని వల్లే. తెలిసిన వకీలును అడిగాను. పక్క రాష్ట్రానికి కూడా చెల్లేలా అనుమతి అడగొచ్చు, కలెక్టరాఫీసులో రెండు రాష్ట్రాల పేర్లూ చెప్పండి, వాళ్ళు పైకి పంపుతారు, వచ్చేదాకా కాస్త ఓపిక పట్టండి అన్నాడు. యాదగిరి లైసెన్సు రెన్యువల్ గడువు కూడా అప్పుడే వచ్చింది. పోలీసు విచారణ అయిపోయింది, ఇక తుపాకి తీసుకెళ్ళి చూపించడమే మిగిలింది. పనిలో పెట్టుకున్నదాన్ని కాబట్టి నేనూ వెళ్ళి మాట్లాడితే తేలిగ్గా అవుతుందనిపించింది. ఆఫీసుల్లో మాట్లాడటం నాకు బాగా వచ్చు.

ఎనిమిది గంటలకు దిల్‌సుఖ్‌నగర్ బస్టాండులో నల్లగొండ బస్సు ఎక్కాం. తుపాకి ఖాకీ గుడ్డ సంచిలో ఉంది.

"ఏందన్నా గది, కర్టెన్ రాడ్డా?" అని అడిగాడు కండక్టరు.

"తుపాకి. లైసెన్సు చూపియ్యాల్నా?"

"వద్దు. దానికి టికెట్ గూడ లేదు. జర మూతి పైకి పెట్టుకో."

కొత్తపేట దాటడానికే చాలాసేపు పట్టింది. ఒకపక్క మెట్రో స్తంభాల కోసం తవ్విన గోతులు, ఇంకోపక్క పండ్ల మార్కెట్ నుంచి బయటికొచ్చే మామిడి లారీలు. ఈ దారిన పోయేవాళ్ళు ఒక గంట ముందే బయల్దేరండి. ఎల్బీ నగర్‌లో ఒకావిడ ఎక్కి, మా ముందు సీట్లో కూర్చోబోతూ ఆగింది.

"అన్నా, పేలదు గద?"

"ఖాళీది అక్కా. తూటాలు వేరేగ సంచిల ఉన్నయి."

ఆవిడతో పాటు చుట్టుపక్కల అందరూ నా ఒళ్ళో ఉన్న సంచి వైపు చూశారు. అందులో ఉన్నది పెరుగన్నం డబ్బా. ఆ మాట చెప్పినా ఎవరూ నమ్మినట్టు లేదు. హయత్‌నగర్ దాకా నా పక్కకు ఒక్కరూ రాలేదు.

హయత్‌నగర్‌లో ఎక్కిన తెల్లచొక్కా మనిషి మాత్రం ధైర్యంగా ఎదురు సీట్లో కూర్చున్నాడు. బాటసింగారంలో ప్లాట్లు చూపించే వ్యాపారమట. సంగతంతా విని, "తుపాకుల చట్టం సెంట్రల్ది అయినంక లైసెన్సు గూడ ఢిల్లీ నుంచే ఇయ్యొచ్చు గద, దేశమంత ఒకటే కాయితం" అన్నాడు. నేనూ అవునన్నాను. దేశమంతటికీ ఒకే చట్టం ఉన్నప్పుడు, కాగితం ఒక్కటీ సరిహద్దులోని కోదాడ దగ్గర ఎందుకు ఆగిపోవాలి?

యాదగిరి ఒప్పుకోలేదు. "నేను ఎసొంటోన్నో ఢిల్లీకేం ఎరుక సార్? తాగి లొల్లి చేస్తనా, ఎవలితోనన్న పగ ఉన్నదా, మా చిట్యాల పోలీసోల్లకు ఎరుకైతది. ఎరుకున్నోడే ఇయ్యాలె."

"మరి విజయవాడ పోలీసులకు నువ్వు ఎరుక కాదు కదా. వాళ్ళు నిన్నెందుకు రానివ్వాలి?" అన్నాను.

"అందుకే గద మేడం పోతున్నం, అడుగుదామని" అన్నాడు. తెల్లచొక్కా ఆయన నవ్వి, బాటసింగారంలో దిగుతూ మా ఇద్దరికీ ప్లాట్ల కాగితాలు ఇచ్చాడు.

చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి దాటి నల్లగొండ చేరేసరికి పదకొండు దాటింది. కలెక్టరాఫీసు గుమస్తా ముందు అప్పటికే ఒక రైతు నిలబడి ఉన్నాడు. చెల్క మీద పడే అడవిపందులను అదిలించడానికి తుపాకి లైసెన్సు ఉందట. ఇప్పుడది రెండు రాష్ట్రాల్లోనూ చెల్లుతుందా అని ఎవరో అడిగితే బెదిరిపోయి వచ్చాడు.

"చట్టం ఢిల్లీది పెద్దాయనా, ముద్ర మాది. మా ముద్ర మా హద్దు దాకనే. అవతలికి కావాల్నంటే ఫైలు హైదరాబాద్ పోవాలె, అక్కడ అడుగుతరు, ఇక్కడ అడుగుతరు, శాన రోజులు పడతది" అని ఓపిగ్గా చెప్పాడు గుమస్తా.

"నాకెందుకయ్యా అవతల? నా చెల్క దాటకున్నా మంచిదే" అని రైతు నిమ్మళంగా వెళ్ళిపోయాడు. ఈయనకు చెప్పినట్టే నాకూ చెప్తాడు, నేను గట్టిగా అడుగుతాను అనుకుంటూ ముందుకు జరిగాను.

గుమస్తా తుపాకి మీది నంబరు సరిచూసుకున్నాడు. లైసెన్సు పుస్తకం తెరిచి, కలం పట్టుకుని, "ఏరియా ఏం రాయాలె?" అన్నాడు.

"రాష్ట్రం మొత్తం రాయండి" అన్నాను, ధాటిగా.

అతను యాదగిరి వైపు ఒకసారి చూశాడు. యాదగిరి కలం వైపే చూస్తున్నాడు. గుమస్తా రాసి, లోపలికి తీసుకెళ్ళి సంతకం చేయించి, ముద్ర వేయించి తెచ్చాడు. ఇంత సులువుగా అయిపోయినందుకు నా భుజం నేనే తట్టుకున్నాను. బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో యాదగిరికి చికెన్ బిర్యానీ ఇప్పించి, నా పెరుగన్నం నేను తిన్నాను. ఆ హోటల్లో భోజనం బాగుంటుందని అతనన్నాడు. నీళ్ళు మాత్రం ఇంటినుంచి తీసుకెళ్ళండి.

తిరుగు బస్సు మూడింటికి దొరికింది. నార్కట్‌పల్లి దాటాక వాన పట్టుకుంది, అద్దాలన్నీ మూసేశారు. యాదగిరి సంచిలోంచి లైసెన్సు తీసి చూసి, లోపల పెట్టాడు. చిట్యాల దగ్గర మళ్ళీ తీశాడు. చౌటుప్పల్ వచ్చేసరికి మూడోసారి.

"ఏంటంత చూపు, ఇలా ఇవ్వు" అని అందుకున్నాను.

ముద్ర పక్కన నీలం సిరాతో గుండ్రంగా రాసి ఉంది: తెలంగాణ రాష్ట్రం మొత్తం.

పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి నా నోట రాష్ట్రం మొత్తం అంటే అందులో గుడివాడా ఉంది, బెజవాడా ఉంది, దిల్‌సుఖ్‌నగర్ కూడా ఉంది. మ్యాపు మారింది, నా నాలుక మారలేదు. నల్లగొండ గుమస్తా ముందు నిలబడి ఆ మాట అంటే ఆయన ఇంకేం రాస్తాడు?

"యాదగిరీ, ఇందులో విజయవాడ లేదు! నేనేదో వాగాను సరే, నువ్వు పక్కనే ఉన్నావు కదా, నీకు తెలియలేదా?"

"ఎరుకైంది మేడం. మీరంటుండంగనే ఎరుకైంది."

"మరి చెప్పలేదేం?"

అతను నా చేతిలోంచి పుస్తకం తీసుకున్నాడు. "ఆయన రాయవట్టె. గా పేరు రాస్తుంటె చూసిన. నా కాయితం మీద గా పేరు, దాని మీద సర్కారు ముద్ర. ఇంకో పేరు గూడ రాయిమందామనుకున్న, నోరు రాలే మేడం. ఒక్కదినమన్న గదొక్కటే ఉండనీ అనిపిచ్చింది."

"నౌకరి పోతుందని తెలిసి కూడానా?"

"తెలుసు. మీ తమ్ముడు సారు వేరేటాయనను సూసిండని గూడ తెలుసు."

నాకు విపరీతమైన కోపం వచ్చింది. కూతురు చదువు గుర్తులేదా అని అరవబోయాను. కానీ అతని మొహం చూస్తే అంతా గుర్తున్నట్టే ఉంది, భయం కూడా కనిపిస్తోంది. అంత భయంలోనూ ఆ పుస్తకాన్ని వానచుక్క పడకుండా చొక్కా లోపల పెట్టుకున్నాడు. నిజం చెప్పాలంటే నాకు అసూయగా అనిపించింది. ఏ పేరు చూసినా నాకంత సంతోషం కలిగి చాలా ఏళ్ళయింది.

మళ్ళీ నల్లగొండ పోయి, ఫైలు పైకి పంపించి, నెలలకొద్దీ ఎదురుచూడొచ్చు. ఈలోగా షాపు ఆగదు. పండుగల సీజను ముంచుకొస్తోంది. బస్సు అబ్దుల్లాపూర్‌మెట్ దాటుతుండగా లెక్క తేల్చుకుని ప్రసాదుకు ఫోన్ చేశాను.

"యాదగిరిని మానిపించేది లేదు. పెట్టెతో కోదాడ దాటి చెక్‌పోస్టు దాకా వస్తాడు, ఇవతలే ఆగుతాడు. అక్కణ్ణుంచి నీ వైపు లైసెన్సున్న మనిషిని ఒకణ్ణి పెట్టు, అవతల నిలబడతాడు. పెట్టె గీత దాటుతుంది, తుపాకులు దాటవు. మా తుపాకి మాది, మీ తుపాకి మీది."

"అక్కా, ఇద్దరికి జీతాలా?"

"ఇద్దరికీ. రాష్ట్రం రెండైతే అన్నీ రెండవుతాయిగా. నీ సగం నువ్వు ఇవ్వు" అని పెట్టేశాను.

హైవే మీద సరిహద్దులు దాటే వ్యాపారాలు చేసేవాళ్ళకు ఈ ప్రయాణంలో నేను నేర్చుకున్నది ఇదే. ఢిల్లీ చట్టం ఎంత పొడుగున్నా, మనిషిని నమ్మేది అతన్ని ఎరిగిన ఊరే. ఆ నమ్మకం ఎక్కడ ఆగిపోతుందో అక్కడ ఇంకొకణ్ణి నమ్ముకోవాలి. ఖర్చు ఎక్కువే. కానీ పని జరుగుతుంది.

ఎల్బీ నగర్ వస్తోందని కండక్టరు కేక వేశాడు. యాదగిరి తుపాకి భుజానికి తగిలించుకుని లేచి, నా సీటు పక్కన ఆగాడు.

"అంటే అవతలి దిక్కు కొత్తగ ఒక మనిషిని పెడుతున్నరా మేడం?"

"పెట్టక ఏం చేస్తాం?"

అతను పెద్దగా నవ్వాడు. వెనక సీట్లవాళ్ళు కూడా తలెత్తి చూశారు.

"తెలంగాణ ఒస్తే నౌకరీలు ఒస్తయన్నరు మేడం. గింత కొట్లాడితిమి. ఒచ్చింది సూడు, ఆంధ్రాయనకు!"