పిలిస్తేనే చెయ్యి వేసే మనిషి

మా ఎదురింటి పెద్దమ్మ పోయింది. మొన్న తెల్లవారి మొదటి బస్సుకు ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి వచ్చిన మా చెల్లెలు, నా ఇంటి గడప బయటే నిలబడి, "నిన్న పొద్దుగూకినాక పోయిందక్కా. ఎండెక్కక ముందే ఎత్తుతారంట, లెయ్యి" అంది. బడికి సెలవు చీటీ పక్కింటి వాళ్ల చేతిలో పెట్టి, దొరికిన బస్సెక్కి కూర్చున్నాం. దారి పొడవునా నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆమె మీద పదేళ్లుగా నాకొక కోపం ఉంది. అది తీరకుండానే పోయింది.

ఆమె మాకు చుట్టం కాదు. వీధిలో అందరికంటే పెద్దది కాబట్టి అందరికీ పెద్దమ్మ. ఎవరైనా ఆమెను మెత్తని మనిషి అంటే నేను ఒప్పుకోను. నోరు విప్పితే తిట్టే. బుగ్గన పొగాకు, ఒళ్లో నూలు చుట్టే కండెలు, అరుగు మీద కూర్చుని వీధికంతా కాపలా. కానీ పిలవకుండా ఎవరి గడపా తొక్కేది కాదు. మా పొయ్యి మీద కూర మాడుతుంటే కూడా, "ఏమే, మాడుతాంది సూడండి, ముక్కుల్లేవా మీకు?" అని బయట నుంచే అరిచేది.

మా వీధిలో అన్నీ మగ్గాల ఇళ్లే. మగ్గానికి ఎక్కించే ముందు పడుగును, అంటే బట్ట పొడవునా సాగే నూలును, వీధిలో బారుగా సాచి, గంజి పట్టించి, పోగుకు పోగు అంటుకోకుండా కుంచెలతో దువ్వి ఆరబెట్టాలి. దానికి పది పన్నెండు మంది ఉండాల్సిందే. కూలి మాట లేదు. ఇవాళ నీ పడుగుకు నేను, రేపు నా పడుగుకు నువ్వు. ముందు రోజు సాయంత్రం ఆ ఇంటి ఇల్లాలు గడప గడపకూ పోయి పిలవాలి. పిలవని పడుగు మీద చెయ్యి వేయడం తప్పు.

మా నాయన చేసిన తప్పు అంతకంటే పెద్దది. మా వీధి లింగమ్మ వాళ్ల పడుగు రోజున ఆమె మొగుడు ఏదో మాట అన్నాడని, పట్టుకున్న కొసను వదిలేసి ఇంటికి వచ్చేశాడు. గంజి పడుగు మట్టిలో పడింది. తినే కంచాన్ని కాలితో తన్నినా మా వీధి క్షమిస్తుందేమో గానీ దీన్ని క్షమించదు. ఆ తర్వాత ఆయన ఎవరి పడుగుకూ పోలేదు, మమ్మల్నీ పోనివ్వలేదు. ఏడాది తిరిగేలోపు దగ్గుతో మంచాన పడ్డాడు.

ఆయన బదులు నేసేందుకు మగ్గం గుంతలోకి అమ్మ దిగింది. డెబ్బైల చివరి మాట ఇది, నేను పదో తరగతి. ఆ ఆషాఢంలో సావుకారు నూలు ఇస్తూ, "ఇది చెడితే ఇంక నా అంగడి మెట్లెక్కొద్దు" అన్నాడు. మగ్గం ఆగితే మాకు మిగిలేది సుగ్గి. కోసిగి వైపు వాళ్లలాగా ఇంటికి తాళం వేసి, మూట కట్టుకుని పనికోసం దేశం పట్టిపోవడాన్ని మా వైపు అలా అంటారు. అంత దగ్గుతో ఉన్న మనిషి సుగ్గికి పోతే తిరిగి రాడు. ఆ సంగతి మా అందరికీ తెలుసు. నా చదువు గురించి ఎవరూ మాట్లాడనే లేదు.

"ఎవుర్నీ పిల్సేకి నాకు మొగం లేదు. మనం ముగ్గురమే పడ్దాం" అంది అమ్మ.

అమ్మ, నేను, చెల్లెలు, ముగ్గురితో పడుగు! ఎంత పిచ్చి పనో మాకు తెలుసు. తెలిసే చేశాం.

గంజి పట్టించే వరకు బాగానే ఉంది. అప్పుడు లేచింది గాలి. అమ్మ ఒకచోట దువ్వి పోగులు విడదీస్తే ఇంకోచోట అతుక్కుంటున్నాయి. నేను ఇటు పరుగెత్తితే అటు తెగుతున్నాయి. అతుక్కున్నది అలాగే ఎండిందా, ఇక అది నూలు కాదు, పారేయాల్సిందే. లోపల నాయన దగ్గు ఆగడం లేదు. ప్రతి గడపలోనూ మనుషులు నిలబడి చూస్తున్నారు. ఒక్కరూ కదల్లేదు. పెద్దమ్మ అరుగు దిగి, పది అడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడింది.

"పెద్దమ్మా, పట్టుకో!" అని అరిచాను.

"నువ్వెవురే పిల్సేకి? మీయమ్మను పిలవమను."

అమ్మ తలెత్తకుండా దువ్వుతూనే ఉంది. ఇంకో నాలుగు పోగులు తెగాయి.

"ఏమ్మే, నోరుండేది అన్నం తినేకి మాత్రమేనా? పిలువు!"

"ఎట్ల పిలవాల పెద్దమ్మా? మేం సేసింది మర్సిపోయినారా అందరూ?"

"మర్సిపోలేదు. దానికే సెప్తాండా. నన్ను కాదు, లింగమ్మను పిలువు."

చేతిలోని కుంచెతో ఆ ముసలిదాన్ని కొట్టాలనిపించింది నాకు. నిజంగానే చెబుతున్నాను. బతుకు గాలికి ఎండిపోతుంటే పంచాయితీ పెడుతుందేమిటి! అమ్మ దువ్వడం ఆపింది. కుంచె చంకన పెట్టుకుని లింగమ్మ గడప వైపు తిరిగింది.

"లింగమ్మా... మా పడుగుకు రాయే తల్లీ. మా ఆయప్ప సేసింది తప్పే. వచ్చి సెయ్యి పెట్టు."

లింగమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన నేల చూశాడు. గాలికి ఇంకో పోగు తెగిన చప్పుడు నాకు వినిపించింది. లింగమ్మ కొంగు నడుముకు దోపుకుని గడప దిగింది. అమ్మ ముఖం వైపు చూడకుండా వచ్చి, "నువ్వు నడిమికి పో" అని మా చెల్లెలి చేతిలోంచి కొస లాక్కుంది. ఆ తర్వాత ఎవరు ఏ గడప నుంచి వచ్చారో తెలియదు, నా పక్కన సందు లేకుండా మనుషులు నిండిపోయారు. పెద్దమ్మ ఆఖరున వచ్చి కుంచె పట్టింది.

తెగిన పోగులు అతకడానికి మూడు రోజులు పట్టింది గానీ పడుగు దక్కింది. సావుకారు సణుగుతూనే మళ్లీ నూలు ఇచ్చాడు. లింగమ్మ మొగుడే మా నాయనను బండిలో పడుకోబెట్టి, ఆదోని ఆస్పత్రిలో తనకు తెలిసిన కాంపౌండరు దగ్గరకు తీసుకుపోయాడు. ఇంకో ఇంటి వాళ్లు తమ కూతురి పాత పుస్తకాలు నాకిచ్చారు. మేము ఒక్క పడుగూ తప్పకుండా వీధిలో అందరికీ చేశాం. నాయన ఇంకో ఆరేళ్లు బతికాడు. నేను టీచరునయ్యాను. మా ఇంటికి తాళం పడలేదు.

అయినా కడుపులో ఉన్న మాట ఒకసారి పెద్దమ్మను అడిగేశాను. "ఆ పొద్దు నువ్వే ముందొచ్చింటే అన్ని పోగులు తెగుతుండెనా?"

ఆమె పొగాకు ఉమ్మి వచ్చి తీరిగ్గా చెప్పింది. "నేనొచ్చింటే మీకు నేనొక్కదాన్నే దొరుకుతుంటి. వీధి దొరుకుతుండెనా?"

జవాబు నాకు అర్థమైంది. వీధంతా చూస్తుండగా అమ్మ తప్పు ఒప్పుకున్న ఆ క్షణాన్ని మాత్రం ఇప్పటికీ మరిచిపోలేను.

మొన్న మేం వీధి మొదట్లోకి వచ్చేసరికి నడివీధిలో పడుగు సాచి ఉంది. కోసిగి నుంచి సుగ్గికని బయల్దేరి మా వీధిలో నిలిచిపోయిన ఒక సంసారం వాళ్ల మొదటి పడుగు అది. ముందు రోజు సాయంత్రం ఆ ఇంటి ఇల్లాలిని, చిన్న వయసు పిల్లను, వెంటబెట్టుకుని గడప గడపకూ తిప్పి పిలిపించిన పెద్దమ్మ, ఇంటికొచ్చి పడుకుని మళ్లీ లేవలేదట. ఆ పిల్ల ఏడుస్తూ, "నిలిపేస్తాం, శవం లేవకముందే పడుగంటే అపచారం" అందట. లింగమ్మే ఒప్పుకోలేదు. "నూలు నానింది, గంజి కాగింది, నువ్వు పిల్సినావు, మేం వచ్చినాం. ఇప్పుడాపితే ఆ ముసల్ది లేసి తిడ్తాది."

పాడె కదిలింది. ఇరుకు వీధి. పడుగును నేలలో పాతిన గూటాల నుంచి విప్పి, అందరూ చేతుల మీదే బిగించి పట్టుకుని, గోడవారగా జరిగి దారి ఇచ్చారు. మేమిద్దరం దూరంగా ఆగిపోయాం. ఆ కోసిగి పిల్ల మమ్మల్ని చూసి, "రాండక్కా, పట్టుకోండి" అని పిలిచింది. పరుగెత్తిపోయి, అప్పటికే పడుగు పట్టి ఉన్న అమ్మ పక్కన నిలబడి పట్టుకున్నాం. తడి పోగులు చేతులకు చల్లగా తగిలాయి. పెద్దమ్మ మా ముందు నుంచే పోయింది. అందరి కళ్లూ కారుతున్నాయి, తుడుచుకునే వీలు లేదు. దండం పెట్టడానికి ఆ వీధిలో ఒక్కరి చెయ్యీ ఖాళీగా లేదు.