బట్టకు అంటని నలుపు

మొన్న కోరుట్లలో స్కూటర్ బాగు చేయించడానికి వెళితే మెకానిక్ షెడ్డులో కిరోసిన్ వాసన ముక్కుకు తగిలింది. ఈ రోజుల్లో ఎక్కడ సంపాదించాడో తెలియదు. మసి పట్టిన ప్లగ్గును అందులో ముంచి, ముంచిన మరుక్షణమే తీసి గరుకు కాగితంతో గీకుతున్నాడు. కాసేపు నాననివ్వమన్నాను. అంత టైము ఎవరికుందమ్మా అని నవ్వాడు. ఎవరైనా నన్ను చూసి నవ్వితే మరిచిపోయే స్వభావం కాదు నాది. అయితే ఆ వాసన ముందు నర్సాగౌడ్ కాకను గుర్తుచేసింది, ఆ వెంటనే ఆయన్ని అవమానించిన మనిషిని. ఇన్నేళ్ళయినా ఆ మనిషి వేసుకున్న చొక్కా రంగు చెప్పగలను.

అవి సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయిన రోజులు. తంగళ్ళపల్లి నుంచి రోజూ సైకిల్ మీద వెళ్ళి సాంచెలు నడిపే నా భర్త, నడపడానికి సాంచె లేక భివండీ వెళ్ళాడు. నేను పిల్లను తీసుకుని కోరుట్లలో అన్నయ్య ఇంటికి చేరాను. పది పాసైన నాకు ఒక బ్యాంకులో ఊడ్చి తుడిచే తాత్కాలిక పని దొరికింది. అక్కడ గేటు దగ్గర తుపాకీతో నిలబడేవాడు నర్సాగౌడ్ కాక. కోనరావుపేట దగ్గరి ఊరు. ఇంట్లో అందరూ కల్లు గీయడానికి తాళ్ళెక్కితే ఈయన మిలిటరీకి వెళ్ళాడు. అక్కడ రిటైరై వచ్చాక బొంబాయిలో పదేళ్ళు మేడల గేట్ల దగ్గర కాపలా కాసి, మెట్ల కింద పడుకున్నాడట. ఈ కోరుట్ల ఉద్యోగం ఒక సెక్యూరిటీ కంపెనీ ద్వారా వచ్చింది. వారానికోసారి ఇంటికి వెళ్ళి ఇంట్లో అన్నం తినడం ఆయనకు ఈ ఉద్యోగం వల్లే కుదిరింది. ఇది పోతే మళ్ళీ పట్నమే గతి అని నాతో చాలాసార్లు అన్నాడు.

కంపెనీవాళ్ళు ఏడాదికోసారి తుపాకీ తీసుకెళ్ళి, రెండు తూటాలు పేల్చి చూసి, తుడవకుండా వారాల తరువాత పంపేవారు. అప్పటికి మసి మాడిన పాల అడుగులా గట్టిపడేది. ఆదివారం బ్యాంకుకు సెలవు కాబట్టి కాక వెనుక వరండాలో కూర్చుని, తూటాను గొట్టంలోకి తోసే ఇనుప బోల్టు విప్పి, డబ్బాలో కిరోసిన్ పోసి నానబెట్టేవాడు. వెదురుపుల్ల కొసను పండ్లపుల్లలా నమిలి, దానితో మెల్లగా రుద్దేవాడు. ఇనుపముక్కతో గీకితే ఒక్క నిమిషంలో అయిపోతుంది కదా అని అడిగాను.

"మసి మొండిదని నువ్వు గూడ మొండిగైతవా బిడ్డా? నాననియ్యి. అదే ఇడుస్తది."

ఆ ఏడు కంపెనీ సూపర్వైజర్ తనిఖీకి వచ్చాడు. గళ్ళ చొక్కా, నీలం మీద తెల్ల గీతలు. బోల్టును చేత్తో ముట్టుకోలేదు, కంటితో చూశాడంతే. క్యాష్ కౌంటర్ ముందు నిలబడ్డ జనమంతా వినేలా, "గింత నల్లగున్నది. ఇంట్ల గంజి గిన్నెలన్న తోముతరా, గట్లనే పెడ్తరా?" అన్నాడు. కాక అటెన్షన్‌లో నిలబడి, సరే సార్ అన్నాడు. ఆయన ఎదురు చెప్పకపోవడం నాకు ఆ మాటకన్నా ఎక్కువ మండింది.

మరుసటి ఏడు తనిఖీకి కొన్ని నెలల ముందు, ఒక ఆదివారం కాక బోల్టును నానబెట్టి, అన్నం తినడానికి హోటలుకు వెళ్ళాడు. నేను వరండా ఊడ్వడానికి వచ్చాను. డబ్బాలో ఆ నల్లటి ముక్క కనబడగానే గళ్ళ చొక్కా గుర్తుకొచ్చింది. ఈసారి ఆ నోరు మూతపడాలనుకున్నాను. ఇటుక పెళ్ళ నూరి, ఇంట్లో ఇత్తడి బిందెలు తోమినట్టే, చింతపండు పులుసుతో కలిపి గంటసేపు తోమాను. బోల్టు వెండిలా తెల్లబడింది. గర్వంగా పాత చీర ముక్క మీద పెట్టి ఎదురుచూశాను.

కాక వచ్చి చూశాడు. తూటాను పేల్చే సూది బయటికి వచ్చే రంధ్రంలో ఇరుక్కున్న ఇటుక పొడిని ముందు పుల్లతో తీశాడు. తరువాత అన్నాడు.

"మసి పోయింది బిడ్డా. తోలు గూడ పోయింది. నానినంక బట్టకంటేది మసి. అంటనిది మసి గాదు. తుప్పు పట్టకుంట తుపాకి జేసిన కంపెనోడు పోసిన నలుపు అది."

నాకు అప్పటిదాకా నలుపంటే మురికే. సూపర్వైజర్‌కూ అంతే. ఇద్దరం ఒకే తప్పు చేశాం. ఆ తప్పు చేయడానికి అతనికి ఉద్యోగమిచ్చి పెట్టారు.

ఆ వానాకాలమంతా కాక రోజూ నూనె రాశాడు. అయినా బోల్టు మీద ఎర్రటి మచ్చలు లేచాయి. తనిఖీ రోజున సూపర్వైజర్ నిరుడు మసి, ఈ ఏడు తుప్పు అని వెక్కిరించి, దీన్ని తోమిందెవరని అడిగాడు. నేను చీపురు పట్టుకుని మూడడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరిచాను కూడా. కాక నావైపు చూడనైనా లేదు.

"నేనే సార్. ముసలితనం, మతి తప్పింది."

ఆ నెలాఖరుకు ఆయన్ని తీసేశారు. వెళ్ళే రోజు నిలదీశాను. నా తప్పు నువ్వెందుకు మోశావన్నాను.

"బోల్టు ఇడిసిపెట్టి పోయింది నేను. నీ పేరు చెప్తే ఇద్దరం పోతుంటిమి. పిల్లనేసుకొని యాడికి పోతవు?"

"నన్నొక్క మాట అడగాలె గద కాకా."

"అడిగితె నువ్వు ఒప్పుకుంటవా?" అని సంచి భుజానికి వేసుకుని హైదరాబాద్ బస్సెక్కాడు. అరవై దాటిన మనిషి మళ్ళీ మేడల గేటు దగ్గరికి, మళ్ళీ మెట్ల కిందికి.

ఆయన మీద కూడా నాకు కోపమే, ఇప్పటికీ. నన్ను కాపాడానని ఆయన అనుకున్నాడు. నా నోట రావలసిన మాటను నాకు దక్కకుండా చేశాడు. కాని ఆయన చెప్పాక కూడా నేను కాదనగలిగేదాన్నే. అనలేదు. పిల్ల ముఖం గుర్తుకొచ్చింది, తల వంచుకుని ఊడ్చుకుంటూ పోయాను. కాక వెళ్ళిన మరునాడు మేనేజర్‌కు నిజం చెబితే, అయిపోయింది కదా, మళ్ళీ కాగితాలెందుకన్నాడు. కంపెనీకి మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. రెండేళ్ళకు కాక మోకాళ్ళు పనిచేయక ఊరికి తిరిగొచ్చాడని, ఎక్కువకాలం బతకలేదని తెలిసింది. నేను రాసిన ఉత్తరాల సంగతి ఆయనకు చేరిందో లేదో తెలియదు.

ఆ తరువాత అర్జీలు రాయడం ఆపలేదు. పింఛను గురించి, రేషను గురించి, బస్సు ఆపని డ్రైవర్ గురించి. నేనంటే ఆఫీసుల్లో ముఖం తిప్పుకుంటారు. తిప్పుకోనీ. పోయిన నెల మా వాడలో మురికి కాలువ పూడిపోయిందని అర్జీ తీసుకుని జగిత్యాల వెళ్ళాను. గుమాస్తా మొదటి వాక్యం చదివి, ఇది కొట్టేయమ్మా, నీ అర్జీ బలం తగ్గుతుందన్నాడు. "ఈ కాలువలో పడిన చెత్తలో మా ఇంటి చెత్త కూడా ఉన్నది" అని రాశాను అందులో. కొట్టేయనన్నాను. ఆయన ముద్ర వేసేదాకా అక్కడే నిలబడ్డాను.